కొనకుండుటయు, మాటలాడకుండుటయు

(మత్తయి సువార్త 18:15–17 చదువుకొనుడి)

క్రైస్తవుడు తన పొరుగువానికి ఇచ్చుచు వచ్చినదానిని ఒకనాడు ఇయ్యనని చేయి ముడుచుకొనవచ్చునా? పెట్టుట ప్రేమయనియు, క్షమించుట ప్రేమయనియు ఆదివారపు బడి నుండి నేర్చుకొంటిమి. అయితే “నీ కొట్టులో కొనను, నీ బండి యెక్కను” అనుటకు ప్రేమలో చోటున్నదా? ఈ ప్రశ్న అమెరికా దేశపు నల్లజాతి సంఘములను చాల కాలము కలవరపెట్టెను. వారు నడి వీధిలో నిలిచి దానికి జవాబు వెదకిరి. ఆ జవాబు మన ఇండ్ల గడపల లోపలికి కూడ వచ్చునని నాకు తోచుచున్నది గనుక, చదువరులారా, ఆ సంగతులను కొంత వివరముగా వ్రాయుచున్నాను.

అలబామా రాష్ట్రములో మాంట్‌గోమరీ యను పట్టణము కలదు. అక్కడి సిటీ బస్సులలో ప్రయాణము చేయువారిలో నాలుగింట మూడు వంతులు నల్లజాతివారే. అయినను ముందరి సీట్లు తెల్లవారికి. నల్లవారు ముందరి తలుపు నొద్ద డబ్బు చెల్లించి, క్రిందికి దిగి, వెనుక తలుపున ఎక్కవలసి వచ్చెడిది. ఒక్కొక్కప్పుడు వారు వెనుకకు చేరులోగానే బస్సు కదలిపోయెడిది. 1955 డిసెంబరు 1వ తేదీ సాయంకాలమున రోసా పార్క్స్ అను స్త్రీ, కుట్టుపని ముగించుకొని ఇంటికి పోవుచు, తన సీటును విడువనన్నందున ఖైదు చేయబడెను. ఆ రాత్రియే జో ఆన్ రాబిన్‌సన్ అను కళాశాల ఉపాధ్యాయిని నిద్ర మాని, సోమవారము ఎవరును బస్సు ఎక్కవద్దని వేలకొలది కరపత్రములు తీయించెను. ఆ సోమవారము డిసెంబరు 5. బస్సులు దాదాపు ఖాళీగా తిరిగెను. 1956 డిసెంబరు 20 వరకు, అనగా సంవత్సరమునకు పైగా, అట్లే తిరిగెను.

ఆ పోరాటమునకు నాయకుడుగా ఏర్పరచుకొనబడిన మార్టిన్ లూథర్ కింగ్ అప్పటికి 26 ఏండ్ల కాపరి. 1958లో వెలువడిన తన పుస్తకములో ఆయన ఒక సంగతిని దాచక చెప్పెను. బస్సులు మానుటకు ముందు ఆయన మనస్సాక్షి తొట్రుపడెనట. ఏలయనగా ఆ దినములలో తెల్లవారి పౌర మండలులు అను సంఘములు ఇదే ఆయుధమును పట్టుకొనియుండెను. ఓటరుగా పేరు వ్రాయించుకొన్న నల్లవానికి పని పోయెడిది, బ్యాంకులో అప్పు పుట్టకపోయెడిది. వారు చేసినప్పుడు అధర్మమైనది మనము చేసినప్పుడు ధర్మమెట్లగును? ఇట్లు తన్ను తాను ప్రశ్నించుకొని, కంపెనీని ముంచుట తమ కోరిక కాదనియు, చెడు ఏర్పాటునకు తమ సహాయమును మానుకొనుటయే తాము చేయునదనియు ఆయన తేల్చుకొనెను. గుంపు ఉరకలు వేయుచున్న వేళ ఈ ప్రశ్న వేసికొనిన నాయకులు లోకములో కొద్దిమందే.

పరిశుద్ధ గ్రంథములోను ఈ ఆయుధము రెండు చేతులలో కనబడును. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు కంసాలులు గగ్గోలు పెట్టుటకు కారణమేమి? పౌలు బోధ వినినవారు వెండి గుళ్లు కొనుట మానుదురని, వ్యాపారము పడిపోవునని భయము. ఇది మంచి చేతిలోనిది. ప్రకటన గ్రంథము 13వ అధ్యాయములో ముద్ర లేనివాడు కొనను, అమ్మను వీలు లేకుండ మృగము కట్టడి చేయును. ఇది చెడ్డ చేతిలోనిది. ఈ రెండవదానిని మన పల్లెలకు ఎవరును నేర్పనక్కరలేదు. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. దానికి ముందు కొన్ని వారములు వారిని పనులకు పిలువక వెలివేసిరి. అట్టి సాంఘిక, ఆర్థిక బహిష్కారము 2015లో సవరింపబడిన అత్యాచారముల నిరోధక చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము.

అట్లయిన ఒక చేతికిని మరియొక చేతికిని భేదమెక్కడ? బలవంతుడు బలహీనుని నోటి కూడు తీయుట వేరు, బలహీనుడు తన కాసును తన కొంగున ముడి వేసికొనుట వేరు అని మొదట చెప్పవచ్చును. అది నిజమే. అయితే నాకు దానికంటె ముఖ్యముగా కనబడునది మరియొకటి కలదు. వారు ముందుగా చెప్పిరి. మాంట్‌గోమరీ స్త్రీల సంఘము పక్షమున రాబిన్‌సన్ 1954 మే నెలలోనే నగరాధ్యక్షునికి ఉత్తరము వ్రాసి, బస్సులలో జరుగు అవమానములను, తమ కోరికలను తెలిపెను. వినియున్నయెడల ఏడాది పొడుగునా కాలినడకతో పని యుండెడిది కాదు.

ఫిలడెల్ఫియాలో 1960లో జరిగినది ఇంకను స్పష్టము. సీయోను బాప్తిస్టు సంఘ కాపరియగు లియోన్ సల్లివన్‌తో కూడి దాదాపు 400 మంది కాపరులు ఏకమైరి. నల్లవారికి సరుకు అమ్ముచు, వారికి మాత్రము మంచి ఉద్యోగములియ్యని కంపెనీలను వారు ఒక్కొక్కటిగా పట్టుకొనిరి. మొదట కొందరు కాపరులు యజమాని యొద్దకు పోయి మాటలాడుదురు. ఇన్ని ఉద్యోగములు కావలెనని అడిగి గడువిత్తురు. వినకపోయిన, ఆదివారమున ప్రసంగ పీఠముల మీదనుండి ఆ సరుకు కొనవద్దని చెప్పుదురు. ఒప్పుకొనగానే, అదే పీఠముల మీదనుండి మరల కొనుడని చెప్పుదురు. టేస్టీ బేకింగ్ అను కేకుల కంపెనీ కొన్ని వారములకే దారికి వచ్చెను. (మన ఆదివారపు ప్రకటనలు ఇంత పనికివచ్చిన దినము నేను చూడలేదు.) చదువరులారా, ఇది మత్తయి 18వ అధ్యాయము గాక మరేమి? తప్పు చేసిన సహోదరుని యొద్దకు ముందు ఒంటరిగా పోవలెను, తరువాత సాక్షులతో పోవలెను, అటుపిమ్మటనే సంఘమునకు తెలుపవలెను. ప్రభువు ఈ వరుసను ఊరకయే పెట్టలేదు.

ఈ పోరాటములన్నిటి బరువు ఎవరి మీద పడెనో కూడ చూడవలెను. ఇంటి డబ్బు ఏ కొట్టుకు పోవునో నిర్ణయించునది గృహిణియని గ్రహించి, డెట్రాయిట్‌లో ఒక కాపరి భార్యయగు ఫానీ పెక్ 1930లో 50 మంది స్త్రీలతో గృహిణుల సమాజమును స్థాపించెను. 1934 నాటికి వారు 10,000 మంది అయిరి. మాంట్‌గోమరీలో ప్రొద్దుననే మైళ్ల కొలది నడచినవారిలో తెల్లవారి ఇండ్లలో వంటపని, పాచిపని చేయు స్త్రీలు అనేకులు. జార్జియా గిల్మోర్ అను వంటమనిషి కేకులు, కూరలు వండి అమ్మించి ఆ డబ్బును పోరాటమునకు ఇచ్చెను. న్యాయస్థానములో సాక్ష్యమిచ్చినందుకు ఆమె పని పోయెను. అప్పుడు ఇంటియొద్దనే పూటకూళ్లు పెట్టెను. 1956 జనవరి 30వ తేదీ రాత్రి కింగు ఇంటి వరండాలో బాంబు పేలినప్పుడు ఆయన సభలో నుండెను. ఇంటిలో నున్నది భార్య కొరెట్టాయు, మూడు నెలలైన నిండని పసిబిడ్డయు.

ఇప్పుడు ఒక వింత చెప్పెదను. బస్సుల పోరాటము గెలిచిన మరుసటి యేట, అనగా 1957లో, నల్లజాతివారు మిక్కుటముగా చదువు ఎబొనీ అను మాసపత్రిక కింగు చేత ఒక శీర్షిక వ్రాయించెను. 1958 చివరి వరకు అది నడిచెను. జనులు ఉత్తరములు వ్రాయుదురు, ఆయన జవాబు చెప్పును. వర్ణభేదమును గూర్చియు అడిగిరి గాని, భర్తను గూర్చియు, అత్తను గూర్చియు, పెండ్లిని గూర్చియు అడిగినవారును కలరు. బస్సు సీటు కొరకు పోరాడిన మనుష్యుని కాపురపు తగవులు అడుగుట ఏమని కొందరు నవ్వవచ్చును. నాకు నవ్వు రాదు. ఒక చోట న్యాయమెరిగినవాడు రెండవ చోట కూడ ఎరుగునని ఆ పేద జనులు నమ్మిరి. ఆ నమ్మకము సరియైనదే.

అయితే ఒక ఉత్తరము నన్ను నిలువరించుచున్నది. తన భర్త ఇరుగుపొరుగున నున్న వేరొక స్త్రీతో సంబంధము పెట్టుకొనెనని, ఏమి చేయవలెనని ఒక భార్య అడిగెను. ఆ రెండవ స్త్రీలో తనలో లేనిదేదో చూచుకొమ్మనియు, పిల్లలు, ఇంటిపని అని భర్తను అలక్ష్యము చేయుచున్నావేమో, సణుగుచున్నావేమో, నీ అలంకరణను మరచితివేమో పరీక్షించుకొమ్మనియు కింగు జవాబు చెప్పెను. ఆ మహనీయుని యెడల గౌరవముతోనే చెప్పుచున్నాను, ఈ జవాబు న్యాయము కాదు. మాంట్‌గోమరీలో సీటు పోగొట్టుకొనిన స్త్రీతో, డ్రైవరు మనస్సును ఎందుకు నొప్పించితివో పరీక్షించుకొమ్మని ఆయన అన్నాడా? తప్పు చేసినవాని యొద్దకు పోయిరి. నాతాను దావీదు నెదుటికే పోయెను గాని, నీలో ఏమి లోపమో చూచుకొమ్మని ఊరియాతో చెప్పుటకు పోలేదు. కింగు స్వంత కాపురము కూడ నిష్కళంకము కాదని ఆయన ప్రాణస్నేహితుడైన రాల్ఫ్ అబర్నాతీ 1989లో తన ఆత్మకథలో వ్రాసెను. దీనిని దాచుట వలన ఆయన చేసిన మేలు పెరుగదు, చెప్పుట వలన తరుగదు. వీధిలో దొరికిన వెలుగును గడప లోపలికి తెచ్చుట ఎంత కష్టమో మాత్రము తెలియుచున్నది.

మన ఇండ్లలోను బహిష్కారము కలదు. దానికి ఆ పేరు పెట్టము. భర్త కంచమును నెట్టివేసి మూడు దినములు కారణము చెప్పడు. భార్య ముఖము త్రిప్పుకొని, “మీ నాన్నను అన్నమునకు రమ్మను” అని పిల్లవానితో కబురంపును. పాపము, ఆ పిల్లవాడు నట్టింట తపాలా బంట్రోతు. ఇందులో తప్పేమనగా, మొదటి మెట్టు లేదు. ఏమి తప్పు జరిగెనో ఎదుటివానికి చెప్పనేలేదు. ఏమి చేసిన తలుపు తెరువబడునో కూడ చెప్పలేదు. పౌలు 1 కొరింథీయులకు 7:5లో దంపతులు ఎడబాటుగా నుండుటకు మూడు హద్దులు పెట్టెను: ఇరువురి సమ్మతి, కొంతకాలము, తరువాత మరల కలిసికొనుట. మన మౌనములకు ఈ మూడింటిలో ఒకటియు ఉండదు.

దెబ్బలు తిని పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి చేరిన స్త్రీ సంగతి వేరు. ఆమె చెప్పెను, ఏడ్చెను, అత్తమామల నెదుట పెట్టెను, ఎవరును వినలేదు. ఆమె విడిచివచ్చిన ఇల్లు మాంట్‌గోమరీలోని ఖాళీ బస్సు వంటిది. ఆమె చేసినది పాపమని నేను చెప్పను. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఆమెకు ఆశ్రయమిచ్చుచుండగా, సంఘము “సర్దుకొని పొమ్మా” అని మరల ఆ ఇంటికే త్రోయుట ఎంత సిగ్గు! పెద్దలు ముందుగా పోవలసినది భర్త యొద్దకు. అతడు దశమభాగము సరిగా ఇచ్చు విశ్వాసియైనను, సంఘ పెద్దయైనను పోవలెను. నేనిట్లు వ్రాసినందుకు కొందరు పురుషులు అలుగుదురేమో. అలిగిన, కారణము చెప్పి అలుగుదురు గాక.

మరల కలిసికొనుటను గూర్చి ఒక మాట. 1956లో బస్సులకు తిరిగి ఎక్కవలసిన దినము సమీపించినప్పుడు, మాంట్‌గోమరీ సంఘములలో కుర్చీలను బస్సు సీట్లవలె వరుసగా వేసి, ఒకరు డ్రైవరుగా, కొందరు తెల్లవారుగా, కొందరు నల్లవారుగా నటించుచు అభ్యాసము చేసిరి. తిట్టిన తిరిగి తిట్టవద్దని, గెలిచితిమని అతిశయపడవద్దని, మర్యాదగా కూర్చుండుమని సూచనలు వ్రాసి పంచిరి. డిసెంబరు 21వ తేదీ ఉదయమున అదే కంపెనీ బస్సులెక్కి, అదే పెట్టెలో డబ్బు వేసి కూర్చుండిరి. మన పెద్దలు ఆలుమగలను కలుపు దినమున ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, కాఫీ త్రాగి ఇండ్లకు పోవుదురు. మరునాడు ఆ ఇంటికి పోయి, ఏమమ్మా, ఎట్లున్నారని అడుగువారు మాత్రము అరుదు.