మారుమనస్సులో ‘మారు’

పుదుచ్చేరి పక్కన మూలకుళంలో మా మేడ మీద నెలకో ఆదివారం సాయంత్రం తెలుగు ప్రార్థన కూడిక పెట్టుకుంటాం. పది పన్నెండు కుటుంబాలు వస్తాయి. ఒంగోలు వైపు వాళ్లం కొందరం, నెల్లూరు వాళ్లు కొందరు, యానాం నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు. కిందటి కూడికలో వాక్యం చదివే వంతు నాలుగో తరగతి పాపకు వచ్చింది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతూ ‘మారుమనస్సు’ దగ్గర ఆగిపోయింది. “ఆంటీ, మారువేషంలో ఉంటుందే, ఆ మారేనా ఇది?” అని అడిగింది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఏళ్లుగా నోటితో పలుకుతున్న మాటను ఆ పిల్ల విప్పి నా ముందు పెట్టినట్టయింది.

నిజమే, రెండూ ఒకటే మారు. మారువేషం వేసుకున్న రాజు తెల్లారేసరికి మళ్లీ రాజే. మారుపేరు పెట్టుకున్నవాడు వేలిముద్ర వేస్తే దొరికిపోతాడు. మారుతాళం పాత తలుపునే తెరుస్తుంది. ఈ మాటలన్నిటిలో మారు అంటే ఒకదాని చోట నిలబడే ఇంకొకటి. మారుమనస్సు కూడా అలాంటిదే అయిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంది. పాత మనసు లోపల అలాగే కూర్చుని ఉంటుంది, వాకిట్లో కొత్త మనసు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లకు స్తోత్రం చెబుతుంటుంది.

ఆ పాపకు తమిళ బైబిలు మాట తెలుసు. మనందిరుంబుదల్, అంటే మనసు తిరగడం. వెళ్తున్న దారిలో ఆగి, వెనక్కి మళ్లి, ఇంటి ముఖం పట్టడం. హీబ్రూ ప్రవక్తలు వాడిన ‘షూవ్’ అన్న క్రియకు సరిగ్గా ఇదే అర్థం. సువార్తలు రాసిన గ్రీకులో ఆ మాట ‘మెటానోయా’ అయింది. అందులో నూస్ అంటే మనసు, చూపు, ఆలోచించే తీరు. మెటా ఆ పాత చూపును దాటి అవతలికి పోవడాన్ని చెబుతుంది. తమిళులు హీబ్రూ దారి పట్టారు, మనవాళ్లు గ్రీకు దారి పట్టారు. లాటిను బైబిలులో ఇదే మాట ప్రాయశ్చిత్తం చేయండి అన్నట్టుగా స్థిరపడింది. ఎరాస్మస్ 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేశాక, అసలు మాట చేతితో చేసే పనిని గురించినది కాదని, లోపలి మార్పును గురించినదని చదువుకున్నవాళ్లకు స్పష్టమైంది. మరుసటి ఏడు, 1517లో, లూథరు రాసిన 95 ప్రతిపాదనల్లో మొట్టమొదటిది దీని మీదే. విశ్వాసి బతుకంతా మారుమనస్సుగానే సాగాలన్నది దాని భావం.

బతుకంతా. ఒక తారీఖు చెప్పి ముగించే పని కాదన్నమాట.

మన కూడికల్లో సాక్ష్యానికి ఒక అచ్చు ఉంది. ముందు తాగుడు, అప్పులు, ఇంట్లో కొట్లాట. ఆపైన ఒక రాత్రి, ఒక ప్రార్థన. ఆ తరువాత సమాధానం. నేను దీన్ని చులకన చేయను. మా కూడికలోనే ఒక పెయింటరన్న ఉన్నాడు. ఒకప్పుడు శనివారం కూలి చేతికొస్తే ఇంటికి చేరేది కాదు. ఆయన భార్య బియ్యం డబ్బాలో అడుగున, గింజల కింద, నోట్లు మడిచి దాచుకునేది. మూడేళ్లుగా ఆ డబ్బాలో బియ్యం తప్ప ఏమీ లేదని ఆవిడ చెప్పిన రోజు మేడ మీద ఎవరికీ మాట రాలేదు. దేవుడు మనిషిని మారుస్తాడనడానికి నాకు ఆ డబ్బా చాలు.

జక్కయ్య కథలో కూడా మార్పు ఇలా లెక్కల్లోనే తేలింది. పన్నులు గుంజినవాడు ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు సొంతదారులకు అన్నాడు. ప్రభువును చూడ్డానికి అతనెక్కినది మేడిచెట్టని మన అనువాదకులు రాశారు. మేడిపండంటే పొట్టలో పురుగులు గుర్తొచ్చే తెలుగువాళ్లకు ఆ చెట్టు బాగా నప్పింది. కిందికి దిగినవాడు మొదట పొట్ట విప్పి చూపించాడు.

కానీ లెక్కకు దొరకని పాపం ఒకటుంటుంది. దాన్ని చేసేవాడికి పాపమని తోచదు. అలవాటని, శుభ్రతని, పెద్దల పద్ధతని పేరు పెట్టుకుంటాడు. ఆ రాత్రి అందరూ వెళ్లాక పాప అడిగిన మాట పట్టుకుని నేను పేతురు దగ్గరికి వెళ్లాను.

పేతురు వలలు వదిలి వచ్చినవాడు. మూడుసార్లు బొంకి, కోడి కూతకు వెక్కి వెక్కి ఏడ్చినవాడు. పెంతెకొస్తునాడు వేలమంది ముందు నిలబడి మారుమనస్సు పొందండని చెప్పినవాడే ఆయన. ఇంతా అయ్యాక, యొప్పే పట్నంలో మిద్దె మీద ప్రార్థనలో ఉండగా ఆకాశం నుంచి అన్ని రకాల జంతువులున్న దుప్పటి దిగుతుంది, తినమన్న స్వరం వినిపిస్తుంది, పేతురు ససేమిరా అంటాడు. నిషిద్ధమైనది తానెన్నడూ ముట్టలేదంటాడు. అది ముమ్మారు జరిగిందని మన బైబిలు చెబుతుంది. ముమ్మారులోనూ మారే ఉంది. ఇక్కడ దానికి ‘సారి’ అని అర్థం.

ఆ మిద్దె ఎవరిదో చూడండి. చర్మకారుడైన సీమోనుది. సముద్రపు ఒడ్డున, తోళ్లు నానబెట్టే మనిషి ఇల్లు. యూదుల ఆచారంలో ఆ పని మైలపని. ఆ ఇంట్లో పడుకుంటూ, ఆ మిద్దె మీదే మోకరిస్తూ, పేతురు ఇంకా మైల గురించి దేవుడితో వాదిస్తున్నాడు. ఒక గడప దాటాడు, ఇంకో గడప దగ్గర కాలు రాలేదు. ఆ తరువాత కైసరయకు వెళ్లి కొర్నేలి ఇంట్లో అడుగుపెట్టి అన్యజనులతో కలిశాడు. అయిపోయిందనుకుంటాం. కొన్నేళ్లకు అంతియొకయలో, యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి, అన్యజనుల పంక్తి నుంచి మెల్లగా లేచి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ నిలదీయాల్సి వచ్చింది. అంత గొప్ప అపొస్తలుడి మారుమనస్సు చివరికి అన్నం పంక్తి దగ్గర తడబడింది. ఈ సంగతి దాచకుండా రాసిపెట్టినందుకు నాకు లేఖనం మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది.

మా ఊరికీ ఇలాంటి చరిత్రే ఉంది. ఫ్రెంచివాళ్ల కాలంలో ఇక్కడ వర్తకుడైన ఆనందరంగ పిళ్లై తన దినచర్యలో 1745 అక్టోబరులో ఒక సంగతి రాసుకున్నాడు. పుదుచ్చేరి సంబా కోవిల్లో, అంటే ఇప్పటి మిషన్ వీధి కథీడ్రల్ ఉన్నచోటి పాత గుడిలో, ఉత్తరం వైపు లోపల ఒక గోడ ఉండేది. ఆనాడు పరైయరులని పిలిచిన విశ్వాసులు గోడకు అవతల, కులం గల క్రైస్తవులూ తెల్లవాళ్లూ ఇవతల. కారైక్కాల్ నుంచి వచ్చిన ఒక గురువు ప్రోద్బలంతో ఆ గోడ అవతలి వాళ్లు పెద్ద గురువు దగ్గరికి వెళ్లి, మేమూ మీ శిష్యులమేగా, ఈ తేడా ఏమిటని అడిగారు. గోడ పడగొట్టించారు. ఇవతలి వాళ్లు మండిపడ్డారు, గుంపులు కూడారు, తగాదా గవర్నరు డూప్లే దాకా వెళ్లింది. ఇరుపక్షాలూ బాప్తిస్మం పొందినవాళ్లే. ఒకే రొట్టె, ఒకే ప్రార్థన, ఇరువైపులా అవే పునీతుల పేర్లు.

అదే ఏడాది, మా మూలకుళానికి పట్నం వైపున్న రెడ్డియార్‌పాళయంలో, ఆనాటి ఒళుకరైలో, దుబాసీ కనకరాయ ముదలి అంద్రెయ పేర గుడి కట్టించాడు. 1739లో చనిపోయిన ఒక్కగానొక్క కొడుకు జ్ఞాపకంగా. బజారు పని మీద పట్నం వెళ్లినప్పుడల్లా ఆ దారినే పోతాను. కొడుకు పోయిన తండ్రి బాధ రాయి అయి నిలబడితే చూసి కళ్లు తడవని వాళ్లెవరు? ప్రతిష్ఠనాడు ఆయన ఊరందరికీ విందు పెట్టాడు, ఎవరి కులానికి తగ్గ ఏర్పాటు వాళ్లకు చేయించి మరీ. ఆ గుండెలో భక్తి నిజం, దుఃఖం నిజం. వేరువేరు వంటలూ నిజమే. ఆయన్ను తప్పుపట్టేంత ఎత్తులో నేను లేను. ఎందుకు లేనో చెబుతాను.

మాది మాదిగ కుటుంబం. గుండ్లకమ్మ ఒడ్డు ఊరు. మా వైపు క్రైస్తవం ఎలా వచ్చిందో చెప్పాలంటే ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెట్టాలి. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, యేసు పేరు వినకముందే రాజయోగ గురువుల దగ్గర కూర్చుని సాధన చేసినవాడు. అంటే ఖాళీ కుండ కాదు, దాహం తెలిసిన మనిషి. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెంట వచ్చినవాళ్లకు ఒంగోలు మిషనరీ క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. చదవడానికి చిన్నవే. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. పొట్ట పట్టుకుని కాదన్న మాటలవి. మార్పుకు ఖరీదు మొదటి రోజే కట్టారు.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లు ఎందరో. ఆయన పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి అడుగుతోందా, ఆత్మ అడుగుతోందా తేలేదాకా ఆగుదామన్నాడు. కరువు తగ్గుముఖం పట్టి, కూలి డబ్బులు ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. మా జేజి వాళ్ల తాత ఆ వరుసలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నీళ్లలో మునగడమంటే సమాధి కావడమని పౌలు రాశాడు. తల మీద నీళ్లు మూసుకున్న ఆ క్షణంలో ఊరు పెట్టిన పేరు చచ్చిపోయి, లేచిన మనిషి దేవుడి ఎదుట ఎవరికీ తక్కువ కానివాడిగా లేచాడు. మా తరాలన్నీ ఆ ఒక్క లేవడం మీద నడిచి వచ్చాయి. బడి, ఉద్యోగం, ఈ మూలకుళం మేడ, అన్నీ.

ఊరు మాత్రం మునగలేదు. మా నాన్న చిన్నప్పుడు ఊళ్లో టీకొట్టు చూరులో ఒక గ్లాసు దోపి ఉండేదట. మావాళ్లు దాన్ని తీసుకుని, టీ పోయించుకుని, బయట నిలబడి తాగి, తామే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. నాన్న జీవితంలో టీ ముట్టలేదు. ఎందుకని అడిగితే ఈ గ్లాసు సంగతి ఒక్కసారే చెప్పాడు.

ఆ నాన్న కూతుర్ని నేను. మా వంటింటి కిటికీ ఊచల పక్కన ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. అంచున చిన్న నొక్కు. మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆమె టీ తాగే గ్లాసు అది. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో గుర్తు లేదు. అడిగితే శుభ్రత అని చెప్పి ఉండేదాన్ని. ఆమె తమిళ క్రైస్తవురాలు. తీరిక దొరికితే విల్లియనూరు మాత గుడికి వెళ్తుంది. 1877లో, మావైపు కరువు మండుతున్న ఏడే, ఫ్రాన్సు నుంచి లూర్దు మాత విగ్రహం వచ్చిన గుడి అది. ఆ కొలనులో కాళ్లు తడుపుకుని వచ్చి నా పిల్లల నుదుట సిలువ గుర్తు వేస్తుంది. ఆ చేతులు తోమిన పళ్లెంలోనే మేం తింటాం. ఆ చేతులు పట్టుకున్న గ్లాసు మాత్రం కిటికీలో.

పాప అడిగిన రాత్రి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి లైటు వేశాను. గ్లాసు కనిపించింది. చూరులో దోపిన గ్లాసే అది. నూట నలభై ఏళ్ల కింద నా వంశం మునిగి లేచిన నది నా వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. ఇంతకాలం నేను చెప్పిన సాక్ష్యాల్లో ఈ గ్లాసు లేదు. కోపం తగ్గడం గురించి చెప్పాను, భయం పోవడం గురించి చెప్పాను. చాలాసేపు అక్కడే నిలబడి ప్రార్థన చేయబోయాను, మాటలు రాలేదు. గ్లాసు తీసి కడిగి, అలమరలో మా ఆరు గ్లాసుల మధ్య బోర్లించాను.

మర్నాడు ఆమె వచ్చి కిటికీ వైపు చూసింది. పొయ్యి గట్టు మీద చూసింది. “అక్కా, నా గ్లాసు?” అంది. అలమరలోంచి చేతికందిన రెండు గ్లాసులు తీసి టీ పోశాను, ఒకటి ఆమెకు, ఒకటి నాకు. స్టూలు జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు. గోడకు ఆనుకుని, ఎప్పటికన్నా తొందరగా, నోరు కాలేలా తాగేసింది. నేను ఏదో అడిగాను, వాళ్ల అబ్బాయి చదువు గురించి. పొడిగా జవాబు చెప్పింది. నా మనసు తేలికపడటం కోసం ఆమెను ఇరుకున పెట్టానేమో అనిపించింది, అదీ నిజమే కావచ్చు.

మా ఇళ్లలో విస్తరి ముందు కూర్చున్నవాళ్లను “మారు వడ్డించుకోండి” అంటాం. పాపకు ఆ రాత్రి చెప్పలేకపోయిన అర్థం ఇదేనని ఇప్పుడు తోస్తోంది. మళ్లీ ఒకసారి, ఇంకొకసారి.

మధ్యాహ్నం ఆమె వెళ్లాక వంటింట్లోకి వెళ్లాను. తను తాగిన గ్లాసును తళతళలాడేలా తోమి, కిటికీ ఊచల పక్కన, పాత చోటే బోర్లించి వెళ్లింది. తీసి లోపల పెట్టాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. రోజూ ఆమె అక్కడ పెడుతోంది, రోజూ నేను తీస్తున్నాను.