మూడు కారణాల లెక్క

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకు బట్టను మించిన ఉదాహరణ లేదు. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహాన్ని పాఠం చెబుతూ మా తాతగారు కారణాలు మూడన్నారు. బట్టకు నూలుపోగులు సమవాయి కారణం, పోగుల కలయిక అసమవాయి కారణం, మగ్గం, నాడె లాంటివి నిమిత్త కారణం. "పోగులుంటే బట్టయిపోతుందటే అమ్మాయ్? కలవాలి గదా!" అనేవారు. ఆ మాటకున్న పదును నాకు పాలిమర్ ల్యాబులో గాని తెలిసిరాలేదు.

మొక్కల పీచుతో ప్లాస్టిక్కును గట్టిపరచడం అక్కడ నా పని. చెక్కగుజ్జును యంత్రంలో ఒత్తిడి పెట్టి మళ్లీ మళ్లీ చీలుస్తూ పోతే కొన్ని నానోమీటర్ల మందం పోగులు తేలతాయి. నానోసెల్యులోజ్ అంటే అదే. యంత్రంలోంచి వచ్చేదాంట్లో సింహభాగం నీరే. చూడటానికి చిక్కటి గంజి, గిన్నె వంచినా జారదు. వడగట్టి, ఒత్తి ఆరబెట్టామా, గోటితో మీటితే టక్కుమనే పల్చటి పొర వస్తుంది. 2008లో స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పొరను లాగి చూస్తే 214 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంది. పోత ఇనుముతో పోటీ పడే బలం. అవే పోగుల్ని నీళ్లకు బదులు వేరే ద్రావకాల్లోంచి ఆరబెడితే మధ్యలో ఖాళీలు పెరిగాయి, బలం పడిపోయింది.

మరి ఆ బలం ఎవరిది? బట్ట అని వేరే ఏమీ లేదు, పోగుల గుంపుకు మనం పెట్టుకున్న పేరే అది అంటారు బౌద్ధులు. అవయవాలకు, అంటే భాగాలకు, వేరుగా అవయవి అనే మొత్తం వస్తువు పుడుతుందంటారు నైయాయికులు. ఈ పొరను చేతిలో పట్టుకున్నాక నేను నైయాయికుల వైపే మొగ్గుతాను. పోగుల చిట్టా ఎంత చదివినా ఈ బలం లెక్కకు రాదు. పక్కపక్క పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలుంటాయి. ఒక్కొక్కటీ బలహీనమే, లెక్కలేనన్ని కూడితే కథ వేరు. అదే పోగును పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కులో కలపండి. పోగుకు నీరంటే ప్రాణం, ప్లాస్టిక్కుకు నీరంటే గిట్టదు. పోగులన్నీ తమలో తాము ముద్దకట్టి కూర్చుంటాయి. వాటి పైపొరను రసాయనాలతో మార్చి ఒప్పిస్తే తప్ప కలవవు.

ఇలా ఒప్పించి కలిపినదానికే ఇప్పుడు 'పర్యావరణహితం' అనే బిరుదు. ఎందుకయ్యా అంటే మొక్క నుంచి వచ్చిందంటారు. అది సమవాయి కారణం ఒక్కదానికే జవాబు. నిమిత్తం మాటేమిటి? గుజ్జును అంత సన్నగా చీల్చడానికి కరెంటు బాగా ఖర్చవుతుంది. ఎంజైములతో ముందే మెత్తబరిస్తే కొంత తగ్గుతుంది. ఆ కరెంటు బొగ్గుదైతే పొగ కూడా లెక్కలోకి రావాలి.

అసమవాయి కారణం దగ్గర చిక్కు ఇంకా గట్టిది. వస్తువు ఎక్కడ నశించినా కలయిక చెడటం వల్లే నశిస్తుందని నవ్యనైయాయికుల మతం. అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ మాట ఎత్తాడు. కలయిక ఎంత గట్టిదైతే వస్తువుకు అంత బలం, విడదీయడం అంత కష్టం. మట్టిలో పడితే సెల్యులోజును సూక్ష్మజీవులు తినగలవు. ప్లాస్టిక్కు లోపల బిగుసుకున్న పోగు వాటికి అందదు, ఆ ప్లాస్టిక్కూ కరగదు.

అందుకని ఈ పదార్థాలు వద్దనను. 2019లో టోక్యో మోటార్ షోలో క్యోటో విశ్వవిద్యాలయం బృందం నానోసెల్యులోజ్ భాగాలతో చేసిన కారును చూపించింది. కారు బరువు తగ్గితే ఏళ్ల తరబడి ఇంధనం ఆదా. అన్నాళ్లు పనిచేసే భాగానికి గట్టి కలయిక న్యాయమే. వారంలో చించి పారేసే ప్యాకెట్టుకు అదే కలయిక అధర్మం. దానికి ఈ పోగుల్ని పిండిపదార్థంలో కలిపి చేసిన పొర చాలు, బలం కాస్త తక్కువైనా సరే. ఒక వస్తువు ఎన్నాళ్లు పనిచేస్తుందో దాని కలయిక కూడా అన్నాళ్లే నిలవాలి. ల్యాబులో కొత్త నమూనా బల్ల మీదికి వచ్చినప్పుడు బలం కొలిచే ముందే ఈ ప్రశ్న అడగాలంటాను నేను.