విన్న తరువాత నడక

పల్నాడు జిల్లాలోని వినుకొండకు ఆ పేరు రావడానికి స్థలపురాణం ఒక కారణం చెబుతుంది: సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్తను రాముడు ఈ కొండ మీదనే విన్నాడని, విన్న కొండ గనుక ఇది వినుకొండ అయిందని అక్కడివారి విశ్వాసం. స్థలపురాణమంటే ఒక క్షేత్రం తన గురించి తాను తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ; దానిని చరిత్రగా రుజువు చేయవలసిన అవసరం లేదు, అందులో ఇమిడి ఉన్న ఆలోచనను అందుకుంటే చాలు. నష్టం చెవిన పడిన చోట ఆ కథ ఆగిపోదు. విన్నవాడు లేచి అడవిదారి పడతాడు. పోగొట్టుకున్నదాని గురించి వినడానికీ, ఆ తరువాత అడవిలో నడవడానికీ మధ్య కొండంత సంబంధం ఉన్నదని ఆ పేరు గుర్తుచేస్తూ ఉంటుంది. గాలివాన కూల్చివేసి, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న అడవిలో కాలిబాట మీద నడవడమంటే ఏమిటన్న ప్రశ్నకు ఇంతకంటే తగిన మొదలు దొరకదు.

వినుకొండకు పడమటి దిక్కున బొల్లాపల్లి మీదుగా సాగే అడవులు నల్లమలతో కలుస్తాయి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఈ ప్రాంతం మీదుగానే సముద్రం వైపు సాగుతుంది. ఇది ఎండకాలంలో ఆకు రాల్చి, తొలకరితో మళ్ళీ పచ్చబడే అడవి. అంటే ఏటేటా ఒకసారి పోగొట్టుకోవడం, ఒకసారి తిరిగి పొందడం దీనికి అలవాటైన సంగతి. ఇటువంటి అడవిలో కాలిబాటను ఎవరూ పథకం గీసి కట్టరు. పశువులు, వాటి వెంట కాపరులు, తేనెకూ దుంపలకూ తిరిగే చెంచులు, మొక్కుకు వెళ్ళే భక్తులు ఒకరి అడుగు పక్కన ఒకరు అడుగు వేయగా నేల కొంచెం గట్టిపడి, గడ్డి కొంచెం పలచబడి, దారి తనంతట తాను తేలుతుంది. నడిచేవారు మానేస్తే రెండు వానకాలాలలో అది మూసుకుపోతుంది. కాబట్టి బాటను ఒక వస్తువుగా కంటే, పాదాలకూ నేలకూ మధ్య ప్రతి ఏడూ కొత్తగా కుదిరే ఒప్పందంగా భావించడం సబబు. గాలివాన ఆ ఒప్పందాన్ని ఒక్క సాయంత్రంలో చెరిపివేయగలదు.

ఆ మాట ఎంత నిజమో 2024 ఆగస్టు 31న తెలంగాణలోని ములుగు జిల్లాలో తెలిసివచ్చింది. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఆ సాయంత్రం వీచిన గాలికి వందల ఎకరాలలో చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. తొలి అంచనాలలో 50 వేలుగా చెప్పిన సంఖ్య తరువాత 70 వేల దాకా వెళ్ళింది. ఆ రోజులలోనే బుడమేరు పొంగి విజయవాడ మునగడంతో లోకం దృష్టి అటు నిలిచింది. నట్టడవిలో పడిన చెట్ల వార్త కొంత ఆలస్యంగా వినిపించింది. అడవి కూలినప్పుడు చప్పుడు ఎంత పెద్దదైనా, దానిని వినేవారు ఊళ్ళలో ఉంటారు గనుక, ఆ చప్పుడు వార్తగా మారడానికి వ్యవధి పడుతుంది. ఆ అడవి మధ్యనే కోయల ఆరాధ్యదేవతలైన సమ్మక్క, సారలమ్మల గద్దెలున్నాయి; రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే జాతరకు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే దారీ, ఒకప్పుడు ఎడ్లబండ్ల మీదా కాలినడకనా లక్షలమంది సాగిన దారులూ ఆ చెట్ల నడుమ నుంచే పోయాయి. కాబట్టి అక్కడ కూలినది కలప మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది.

గాలి కనిపించదు, అది వెళ్ళిపోయాక దాని రాత పడిన చెట్లలో మిగులుతుంది. సుడిగాలి గిరగిర తిరుగుతూ లోపలికి లాక్కుంటుంది గనుక దాని బాటలో చెట్లు ఒకదాని మీదొకటి మెలిపడి, లోపలి వైపు మొగ్గి పడతాయి. ఉరుము మేఘంలో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి కుప్పకూలి, నేలను తాకి, నలుదిక్కులకూ చిమ్ముకుపోవడాన్ని శాస్త్రజ్ఞులు డౌన్‌బరస్ట్ అంటారు. అది తాకిన చోట చెట్లు విచ్చుకున్న పువ్వు రేకుల వలె వెలుపలి వైపుకు పడతాయి. ఈ తేడాను లోకానికి చూపినవాడు జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. 1945లో అణుబాంబు పడిన నాగసాకిలో చెట్లు కేంద్రం నుంచి వెలుపలికి పడి ఉండటాన్ని పరిశీలించిన ఆయన, 1974 ఏప్రిల్‌లో అమెరికాను కుదిపిన సుడిగాలుల తరువాత విమానం నుంచి చూస్తూ, కొన్ని అడవులలో అదే తీరును గుర్తించి, ఇది పైనుంచి పడిన గాలి చేసిన పని అని ఊహించాడు. చనిపోయిన చెట్లు కూడా సాక్ష్యం చెప్పగలవని, చదివే ఓపిక ఉంటే వాటి సాక్ష్యం విజ్ఞానంగా మారుతుందని ఆయన జీవితం చెబుతున్నది.

తెలుగులో పూర్తి నాశనాన్ని చెప్పడానికి కూకటివేళ్ళతో పెకలించడం అనే మాట వాడతారు. కూకటివేరంటే మాను నుంచి నిట్టనిలువుగా లోతుకు దిగే తల్లివేరు. అడుగున రాయి తగిలిన చోట, లేదా పైపొరలోనే తేమ సులువుగా దొరికే చోట, వేళ్ళు లోతుకు పోక పక్కలకు పరుచుకుంటాయి. అటువంటి నేల వానకు నాని మెత్తబడినప్పుడు గాలి కొమ్మలను పట్టుకుని ఊపితే, మాను విరగక ముందే వేళ్ళు పట్టు వదులుతాయి. అయితే అడవి భాషలో ఆ నుడికారానికి పూర్తి నాశనమన్న అర్థం పూర్తిగా వర్తించదు. చెట్టు ఒరిగినప్పుడు దాని వేళ్ళతోపాటు మట్టి లేచి పక్కన దిబ్బ అవుతుంది, లేచిన చోట గుంట ఏర్పడుతుంది. గుంటలో నీరు, రాలిన ఆకు చేరి తేమ నిలుస్తుంది. దిబ్బ మీద అడుగుమట్టి ఎండకు తెరుచుకుని, గడ్డి పోటీ లేని చోటు కోసం కాచుకున్న విత్తనాలకు ఆశ్రయమవుతుంది. పైన కొమ్మల కప్పులో పడిన గండి గుండా ఏళ్ళ తరబడి నేలను తాకని వెలుగు కిందికి దిగుతుంది.

మోడు చిగురించడం అనే మరో మాట కూడా తెలుగులోనే ఉన్నది. ఆశ వదులుకున్న చోట బతుకు మళ్ళీ మొలవడాన్ని అది చెబుతుంది. ఈ మాట వెనుక కవి ఊహ కంటే రైతు కళ్ళే ఎక్కువ పనిచేశాయి. టేకు, నల్లమద్ది వంటి చెట్లు విరిగితే మిగిలిన మొదలు నుంచి పిలకలు వేస్తాయి. బీడీ ఆకునిచ్చే తునికీ, మోదుగా నేలలో పరుచుకున్న వేళ్ళ నుంచే కొత్త మొక్కలను లేపుతాయి. వేళ్ళలో కొన్ని ఇంకా మట్టిని పట్టుకుని ఉంటే, పడుకున్న మాను సైతం చావదు. దాని ఒంటి మీది కొమ్మలు వెలుగు వైపు తిరిగి, నిట్టనిలువుగా లేచి, కొన్నేళ్ళకు ఒకే మాను మీద వరుసగా నిలబడ్డ చిన్న చెట్లుగా కనిపిస్తాయి. ఇటువంటి దృశ్యం ముందు నిలిచిన బాటసారికి, పడటమూ పోవడమూ ఒకటి కావని ఎవరూ బోధించనక్కరలేదు.

అలాగని అడవిని దాని మానాన వదిలేస్తే అంతా మేలే జరుగుతుందనుకోవడం కూడా అమాయకత్వమే. పడిన కొమ్మలు మాఘ ఫాల్గుణాలకు ఎండి, చైత్ర వైశాఖాలలో ఒక్క నిప్పురవ్వకు అంటుకునే వంటచెరకు అవుతాయి. దారి మీద తాగి పారేసిన బీడీ ముక్క చాలు. పైకప్పు తెరుచుకున్న చోట అడవి మొక్కలకంటే ముందు పులికంప అని పిలిచే లాంటానా అల్లుకుని, పిలకలకు ఊపిరాడనివ్వదు. పశువుల మంద ఒక్క వేసవిలో లేత చిగురంతా మేసి, పదేళ్ళ కోలుకునే పనిని మళ్ళీ మొదటికి తేగలదు. పూర్తిగా పడక పక్కచెట్టు మీద ఒరిగి ఆగిన మానులు నెలల తరువాత చడీచప్పుడు లేకుండా జారతాయి గనుక, వాటి కింద నడవడం ప్రాణాపాయం. మనుషులు తప్పక తిరిగే దారి మీద రంపం పట్టవలసిందే, మంట ఆపే గీత తీయవలసిందే, పులికంపను వేళ్ళతో లాగవలసిందే. దారికి అవసరమైనంత వరకు తొలగించడం, అడవికి అవసరమైనంత వరకు వదిలిపెట్టడం అన్న రెండు ధర్మాల మధ్య హద్దు ఎక్కడ అన్నదే చిక్కుప్రశ్న.

ఈ ప్రశ్నకు భారతదేశంలో న్యాయస్థానం నుంచి ఒక జవాబు వచ్చింది. జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల నుంచి చచ్చిన, చస్తున్న, రోగం పట్టిన, గాలికి కూలిన చెట్లను తీసుకుపోరాదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. పడిన చెట్టు ఎవరికీ పనికిరాదన్న వాడుక ఆలోచనను ఆ ఆదేశం తలకిందులు చేసింది. పుచ్చిన మానులో పురుగు, పురుగు కోసం వడ్రంగి పిట్ట, తొర్రలో ఉడుము, కుళ్ళిన పొట్టులో పుట్టగొడుగు ఉంటాయి గనుక, చెట్టు నిలబడి ఉన్నప్పుడు కొందరికి ఇల్లయితే, పడ్డాక మరికొందరికి ఊరవుతుంది. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో ఇదే ఆలోచనను బాటగా మలిచారు. 1999 డిసెంబర్ 26న లోథార్ అనే తుఫాను అక్కడ అడవులను నేలమట్టం చేసినప్పుడు, సుమారు 10 హెక్టార్ల చోటును ఏమీ తొలగించకుండా అలాగే వదిలి, దాని మీదుగా చెక్కమెట్లతో, నిచ్చెనలతో ఒక చిన్న నడకదారిని వేశారు. అక్కడ నడిచేవారు కూలిన మానుల మీదుగా ఎక్కి, కింద నుంచి దూరి, ఏ సాయమూ లేకుండా లేచిన కొత్త చెట్లను ఏడాదికేడాది చూస్తున్నారు. చెట్టును బాట నుంచి తప్పించడానికి బదులు, బాటనే చెట్టు చుట్టూ తిప్పడం అక్కడి వినయం.

తొందర పడితే ఏమవుతుందో విశాఖపట్నం చూపింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటి, నగరంలోని నీడనంతా ఊడ్చివేసింది. ఎండకు తాళలేని నగరం వెంటనే పచ్చబడాలని కోరుకోవడం సహజం, న్యాయం కూడా. ఆ తొందరలో త్వరగా పెరిగే ఏడాకులపాయ వంటి మొక్కలను వీధుల వెంట విస్తారంగా నాటారు, తీరా అవి పూతకు వచ్చాక ఘాటు వాసనతో శ్వాసకు ఇబ్బందిగా ఉందని జనం ఫిర్యాదు చేశారు. ఒకే జాతి బారులు తీరిన వీధికీ, ఎన్నో జాతులు తమ తమ వేళకు మొలిచే అడవికీ ఉన్న తేడా ఓపికలో ఉన్నది. రంపం ఒక గంటలో దారి తెరుస్తుంది, నర్సరీ ఒక నెలలో పచ్చదనం ఇస్తుంది. నల్లమద్ది మాను మళ్ళీ మాను కావడానికి మాత్రం ఒక మనిషి జీవితకాలం పడుతుంది. ఈ రెండు గడియారాల మధ్య నిలబడటం నేర్చుకోవడమే కోలుకుంటున్న అడవిలో నడవడంలోని అసలు సాధన.

అటువంటి నడకలో బాటసారి చేయవలసినవి చాలా కొద్ది: అడ్డంగా పడిన మాను ఎదురైతే అలవాటైన చోటు కోసం వెదకక, తనకంటే ముందు నడిచినవారి అడుగులు ఏ వైపు ఒంగాయో చూసి అటే వెళ్ళాలి, ఎందుకంటే తలా ఒక కొత్త దారి తొక్కితే పిలకలు మొలిచే నేలంతా గట్టిపడిపోతుంది, మోడు పక్కన చిగురు కనిపిస్తే ఒక అడుగు ఎడంగా వేయాలి, మండే కాలంలో నిప్పు వెంట తీసుకుపోరాదు, గాలి లేచిన రోజున వెనుదిరగడానికి సిగ్గుపడరాదు. వీటన్నిటికీ మూలం వినడం. ఎండిన మాను లోపల పురుగు చేసే చిరుచప్పుడు, ఒరిగిన చెట్టు చేసే కిర్రుమనే హెచ్చరిక, దారి తెలిసిన కాపరి చెప్పే మాట, ఇవన్నీ చెవి నిలిపినవారికే అందుతాయి. పాత దారిని యథాతథంగా తిరిగి పొందాలన్న పట్టుదల గలవారికి అవి వినిపించవు. వారి చెవులలో పోయిన అడవే మోగుతూ ఉంటుంది.

వినుకొండలో తొలి ఏకాదశినాడు కొండ మీది రామలింగేశ్వరుని దర్శనానికి జనం బారులు తీరి ఎక్కుతారు. ఆషాఢంలో వచ్చే ఆ తిథి తొలకరి కాలం. పడమటి అడవులలో ఎండిన కొమ్మలన్నీ ఆకు తొడిగే వేళ. ఆ మెట్లెక్కేవారిలో ఎందరో ఇంట్లో ఏదో ఒక నష్టాన్ని విని వచ్చినవారే అయి ఉంటారు. విన్న చోటనే కూర్చుండిపోక, అడుగు ముందుకు వేయడానికి వారికి ఆ కొండ ఒక వాలు ఇస్తుంది. తాడ్వాయి అడవిలో పడిన మానుల పక్కన చిగుళ్ళు లేచే దారిలో నడవబోయేవారికి కూడా ఇవ్వదగిన సలహా అదే: ముందు ఆ అడవి పోగొట్టుకున్నదానిని పూర్తిగా వినాలి, తరువాత అది చూపిన వంపు వెంట మెల్లగా నడవాలి.