తెర చిరిగిన తరువాత

పాతబస్తీలో మక్కా మసీదుకు వెళ్లినప్పుడల్లా నా చూపు నడిమి కమాను మీదికే పోతుంది. దాని ఇటుకల్లో మక్కా మట్టి కలిపారని, అందుకే మసీదుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. పవిత్రమైన చోటు నుంచి పిడికెడు మట్టయినా తెచ్చుకోవాలన్న ఆశ ఏ మతం వాడికైనా అర్థమవుతుంది.

యెరూషలేము ఆలయానిదీ అంతటి ఆకర్షణే. కాకపోతే అక్కడ అడుగడుగునా హద్దులు. యూదులు కాని అన్యజనులు ఒక ఆవరణం దాటకూడదు, స్త్రీలు మరొకటి దాటకూడదు. అన్నిటికన్నా లోపల తెర. దాని వెనక్కి ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కరోజే వెళ్లాలి. హద్దు మీరిన అన్యుడికి చావే గతి అని గ్రీకులో చెక్కిన రాతి పలక 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు ఆ తెర రెండుగా చిరిగిందని సువార్తలు చెబుతాయి. రోమన్లు క్రీ.శ. 70లో ఆలయాన్ని కూల్చారు. అంతకు ముందే, కొరింథు సంఘంలో గొడవలు పడుతున్న మామూలు మనుషుల్ని అపొస్తలుడు పౌలు దేవుని ఆలయమన్నాడు. రాతికున్న గౌరవం మనుషులకు దక్కింది.

మూసీకి ఇవతల, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర సువార్తికుడు భక్తసింగ్ నెలకొల్పిన హెబ్రోను ప్రార్థనా మందిరంలో ఈ బోధ ఆచరణలో కనిపిస్తుంది. చెప్పులు బయట విడిచి అందరూ నేలమీదే కూర్చుంటారు. ఆరాధన పాస్టరు ఒక్కడి పని కాదు. సంఘంలోంచి ఒక్కొక్కరే లేచి స్తుతి చెల్లిస్తారు. ఆ తర్వాత ప్రేమవిందు. కులం అడగకుండా ఒకే బంతిలో కూర్చుని తింటారు. నాకు ప్రసంగం కన్నా ఆ బంతే ఎక్కువ నేర్పింది.

చర్చి భవనం వద్దనను. వానకూ ఎండకూ కప్పు కావాలి. కానీ చందాలు అడిగేటప్పుడు సొలొమోను ఆలయాన్ని తలుచుకునే మనం, సంబంధాలు కలుపుకునేటప్పుడు పౌలు మాట మరిచిపోతాం. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిగా పిలిచే ఊళ్లు మనకింకా ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో ఉన్న పలక మీది హెచ్చరికను మన ఊళ్లలో ఎవరూ చెక్కనక్కర్లేదు, అందరికీ కంఠతా వచ్చు.

ఆదివారం రొట్టె విరిచి, సోమవారం పక్క పేటలో మంచినీళ్లు పుచ్చుకోనివాడు ఎంత పెద్ద మందిరం కట్టించినా ఇంకా ఆలయం బయటే ఉన్నాడు.