తెలిసీ తెలియక

రిటైరైన వాళ్ళకి గోడ గడియారం ఎందుకు బహూకరిస్తారో నాకిప్పటికీ అంతుబట్టదు. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు గంట వినగానే లేచి పరుగెత్తిన మనిషికి, ఇక ఏ గంటకీ పరుగెత్తనక్కర్లేదన్న రోజున గడియారమా! అయినా ఇస్తారు. శాలువా కప్పుతారు. ఫ్రేము కట్టించిన సన్మానపత్రం చదువుతారు. లడ్డూ, మిక్చరు పొట్లాలు పంచుతారు. ఆఖర్న వెళ్ళిపోయే మనిషి లేచి, గొంతు సవరించుకుని, "ఇన్నేళ్ళలో తెలిసీ తెలియక నావల్ల ఏమైనా పొరపాట్లు జరిగివుంటే పెద్దమనసుతో మన్నించండి" అంటారు. అందరం చప్పట్లు కొడతాం. ఏ పొరపాటుకి కొట్టామో ఎవరికీ తెలియదు.

మీరూ ఇలాంటి సభలు చూసేవుంటారు. నేను చాలా చూశాను. నవలలు రాస్తానన్న పాపానికి కొన్ని సభలకి ఉపన్యాసాలు కూడా రాసిచ్చాను. అలా 2024 జూన్‌లో మా టీచర్‌కి రాసిపెట్టాల్సి వచ్చింది.

ఆవిడ నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. తర్వాత ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అదే స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చారు. ఆవిడ పుట్టినరోజు జూలై 1. నిజంగా ఏ రోజు పుట్టారో వాళ్ళమ్మకే గుర్తులేదట. బళ్ళో వేసినప్పుడు అప్పటి మాష్టారు అలా రాసేసుకున్నారు. ఆ రోజుల్లో బళ్ళో చేరిన సగం మందికి పుట్టినరోజు జూలై ఒకటే! ప్రభుత్వ లెక్కలో ఒకటో తేదీన పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. అరవై ఏళ్ళకని రావలసిన విరమణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 62కి పెంచడంతో రెండేళ్ళు వెనక్కి జరిగింది. ఈసారి 30 ఆదివారం కావడంతో సభ శనివారమే పెట్టారు. బడి తెరిచి రెండు వారాలే. పిల్లల పుస్తకాలకి ఇంకా అట్టలు కూడా పడలేదు.

"చూశావుటే, ఏనాడో ఒక మాష్టారు గీసిన కలం గీత, ఇవాళ నన్ను ఇంటికి పంపుతోంది" అని నవ్వారావిడ. తర్వాత నవ్వడం మానేసి, "నేను గీసిన గీత కూడా ఒకటుంది. అది ఉపన్యాసంలో రాయి" అన్నారు.

ఆ సంగతి నాకు తెలుసు. 1993లో మేము తొమ్మిదో తరగతి. మా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయికి లెక్కలు వచ్చేవి కావు. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు రావాలని పైనుంచి ఒత్తిడి. మా టీచర్ అప్పుడు క్లాసు టీచరు. ఆ అమ్మాయి తండ్రిని పిలిచి, "ఎలాగూ గట్టెక్కదండీ, టీసీ తీసుకుపోండి, ఎక్కడైనా కుట్టుపని నేర్పించండి" అన్నారు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు, తీసుకువెళ్ళాడు. టీసీలో ప్రవర్తన అన్నచోట 'సంతృప్తికరం' అని రాశారు. మరుసటేడు మా స్కూలుకి నూరు శాతం వచ్చింది. ఆ అమ్మాయికి అప్పటికి పెళ్ళయిపోయింది.

"మంచి రోజున అవన్నీ ఎందుకు టీచర్? అందరూ బాధపడతారు" అన్నాను. ఎమ్మే తెలుగు చదివి, సంపాదకులకి నచ్చేలా రాయడం నేర్చుకున్నదాన్ని. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, వాటి స్థానంలో 'తెలిసీ తెలియక' పెట్టాను. ఆవిడేమీ అనలేదు.

సభ బాగానే జరిగింది. అతిథి ఒకాయన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని తలుచుకున్నారు. 1921లో ఆయన మైసూరు విడిచి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతుంటే, విద్యార్థులు బండి గుర్రాల్ని విప్పేసి తామే రైల్వేస్టేషను దాకా లాక్కెళ్ళారు కదా, ఆ సంగతి. వినడానికి ఎప్పుడూ బాగుంటుంది. కానీ ఆవేళ నాకొక పాడు ఆలోచన వచ్చింది. ఎవరి వీడ్కోలుకైనా బండి లాగడానికి వచ్చేది ఆ గురువువల్ల బాగుపడ్డవాళ్ళేగా! మన్నించవలసిన అవసరం ఉన్నవాళ్ళు ఆ వీధికే రారు. మరి సభలో మనం మన్నింపు అడిగేది ఎవర్ని?

టీచర్ నేను రాసిచ్చిన కాగితం చదువుతూ చదువుతూ ఆఖరి వాక్యం దగ్గర ఆగారు. కాగితం మడిచి చేతిలో పెట్టుకున్నారు. "తెలియక చేసినవి సరే. తెలిసి చేసింది ఒకటుంది" అన్నారు. పేరు చెప్పలేదు, ఏ సంవత్సరమో చెప్పలేదు. "ఫలితాల కోసం ఒక పిల్లకి టీసీ ఇప్పించాను. అప్పుడూ అది తప్పని నాకు తెలుసు. ఈ యేడు తొమ్మిదిలో, పదిలో వెనకబడ్డ పిల్లలున్నారు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో వుండనివ్వండి. శాతం తగ్గితే తగ్గనీండి" అని కూర్చున్నారు. 

ఈసారి చప్పట్లు లేవు. అతిథి వాచీ చూసుకున్నారు. ఎవరో మైకు దగ్గరికి వెళ్ళి గ్రూపు ఫోటోకి రమ్మన్నారు.

నెల తర్వాత వాళ్ళింటికి వెళితే అసలు కథ చెప్పారు. సభ అయిన మర్నాడే ఆవిడ వాకబు చేసుకుంటూ ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారట. అమ్మాయి అంటున్నాను గానీ, నా యీడుదే, నలభై అయిదేళ్ళది. కుట్టు మిషను మీదనుంచి లేవకుండానే అంతా విన్నదట. 

"క్షమించానంటే మీరు తేలిగ్గా వెళ్ళిపోతారు టీచరుగారూ. నాకేం ఒరుగుతుంది?" అన్నదట. కాసేపాగి, "మా చిన్నది తొమ్మిదో క్లాసు. దానికీ లెక్కలు రావు" అన్నదట.

అంతే. క్షమించానని ఆమె ఇప్పటికీ అనలేదు. టీచర్ కూడా మళ్ళీ అడగలేదు. 

నేను చాలాసేపు ఆలోచించాను. మన్నించమని అడగడం వినయమనుకుంటాం. నిజానికి అది, మనవల్ల నష్టపోయిన మనిషి దగ్గర ఇంకొకటి పుచ్చుకోవడమే కదా! ఆమె ఏమీ ఇవ్వనన్నది, రావలసింది అడిగింది. అప్పున్నవాళ్ళు నలుగురిలో నిలబడి దణ్ణం పెడితే బాకీ చెల్లదు. ఎవరికి బాకీయో వాళ్ళ గుమ్మం ఎక్కాలి. వాళ్ళు ఏ రూపంలో అడిగితే ఆ రూపంలో తీర్చాలి. అదీ పూర్తిగా తీరుతుందన్న నమ్మకం లేదు. పిల్లకి లెక్కలొచ్చినా, తల్లి పోగొట్టుకున్న చదువు తిరిగిరాదు. అయినా నోటి మాట కంటే అది మెరుగు.

ఆ పిల్ల ఆదివారాలు పదింటికి వస్తుందట. "అయిదు నిమిషాలు ఆలస్యమైనా కోప్పడుతున్నాను, పాత అలవాటు" అన్నారు టీచర్, గోడమీది గడియారం వంక చూస్తూ. సన్మానంలో ఇచ్చిందే. దానికీ పని దొరికింది. 

ఇక నా సంగతి. ఆ రోజు పక్కన ఖాళీ అయిన చోటు చూసి నేనేమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. బెంచీలో ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఇకనుంచి మోచెయ్యి చాపుకుని రాసుకోవచ్చని సంతోషించాను. ఎక్కడికి వెళ్ళావని ఒక్కసారైనా అడగలేదు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత, ఉపన్యాసంలోంచి కూడా ఆమెని నేనే కొట్టేశాను. 

ఆ కుట్టు మిషను వున్న వీధి మా ఇంటికి అట్టే దూరం కాదు. రెండుసార్లు చీర కట్టుకుని బయల్దేరి, వెనక్కి వచ్చాను. పలకరింపుగా ఏం మాట్లాడాలా అని వెళ్ళేముందు వాక్యాలు కూర్చుకుంటున్నాను. బహుశా అక్కడే పొరపాటు చేస్తున్నాను. ఉత్త చేతులతో వెళ్ళి, ఆమె ఏమంటుందో వినాలి.