వాయిదా నాటి పిలుపు

న్యాయస్థానపు గుమ్మము కడ బంట్రోతు నిలిచి కక్షిదారుని పేరు మూడుమార్లు పిలుచుట మన దేశమున చిరకాలపు ఆచారము. మూడవ పిలుపునకును పలుకనివాడు రానివాడుగా లెక్కింపబడును. క్రిమినలు కేసులో ముద్దాయి యైనచో వారంటు బయలుదేరవచ్చును. జామీను నిలిచినవారికిని చిక్కు కలుగును. అట్టివానికి వాయిదాకు ముందే సెల్‌ఫోనునకు సందేశము పంపి జ్ఞాపకము చేయుట న్యాయస్థానము చేయదగిన పనియా? ఇది యంత్రములకు సంబంధించిన ప్రశ్నగా తోచినను, వాస్తవముగా ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

“పెండ్లి ముహూర్తము మరువనివాడు వాయిదా నెట్లు మరచును? రానివాడు తప్పించుకొనుటకే రాలేదు” అని కొందరందురు. కాని ముహూర్తమును మనకు ఊరంతయు జ్ఞాపకము చేయును. వాయిదా సంగతి సిగ్గుచేత ఎవరును నోరెత్తరు. శుభలేఖ పంపిన పిదప గూడ ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలుచు మర్యాద మనది. రెండవ పిలుపు వలన పిలిచినవారి గౌరవము తగ్గదు.

అమెరికాలోని న్యూయార్కు నగరమున ఈ విషయమును పరీక్షించి, ఫలితములను 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. చిన్న నేరములకిచ్చు సమను కాగితముపై తేదీయు స్థలమును పైభాగమునకు తెచ్చి, రానిచో కలుగు ఫలితమును స్పష్టముగా అచ్చువేయగా, రానివారి సంఖ్య 13 శాతము తగ్గెను. ఫోను సందేశములు పంపగా సగటున 21 శాతము తగ్గెను. ఉద్దేశపూర్వకముగా రానివారికి కాగితము తీరు మార్చినంత మాత్రమున బుద్ధి మారునా? వారిలో పలువురు తెలియకనో, మరచియో రానివారని దీనివలన గ్రహింపవలెను. సామాన్య జనులు మాత్రము వాయిదా తప్పుటను బుద్ధిపూర్వకమని తలచెదరని ఆ పరిశోధనలోనే తేలినది.

అయినను సందేశము పంపినంతనే ధర్మము నెరవేరదు. అందు తేదీ, వేళ, కోర్టు ఏ వీధిలో నున్నదో, రాలేనిచో ఎవరికి చెప్పుకొనవలెనో ఉండవలెను. నేరము పేరు ఉండరాదు; ఒక ఇంట నలుగురు చూచు ఫోనులుండును. డబ్బు ప్రస్తావన అసలే కూడదు. ‘డిజిటల్ అరెస్టు’ అను పేర మోసగాండ్రు జనులను దోచుచున్న కాలమిది. అన్నిటికంటె ముఖ్యముగా, “సందేశము పంపితిమి గదా” యని దానినే రానివానిపై సాక్ష్యముగా త్రిప్పరాదు. చేయూతగా చాచిన చేయి ఉచ్చు కారాదు.

మనవంటి వారికి మరియొక చిక్కు గలదు. హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు లిపి చదువలేని వారున్నారు. స్థానిక లిపియు రాని వృద్ధులున్నారు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము చెప్పబడినచో, దానిని అతనికి తెలిసిన భాషలో వివరింపవలెనని మన క్రిమినలు ప్రొసీజరు కోడు విధించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఆ నియమమును నిలిపినది. లోపల జరుగు మాట అర్థము కావలెనని కోరు ధర్మము, లోపలికి రమ్మను పిలుపు అర్థము కానక్కరలేదని యనునా? ఏ భాష కావలెనో మొదటి దినముననే అడిగి వ్రాసికొనవలెను. చదువురాని వానికి నోటిమాటగా వినిపింపవలెను.

అంతవరకు మన సంఘములు ఊరకుండ నక్కరలేదు. వారమునకొక సాయంకాలము చదువుకొన్నవారొకరు కూర్చుండి, వచ్చినవారి కాగితములను, సందేశములను గుట్టుగా చదివి చెప్పవచ్చును. న్యాయసేవా సంస్థల 15100 సంఖ్యను ఎరుకపరుపవచ్చును. నేరము చేసెనో లేదో తేల్చువారు న్యాయమూర్తులు. పిలుపు చెవిని పడునట్లు చూచుట మనకును సాధ్యమైన పనియే.