పలుపు విప్పినవాళ్లు

మా అమ్మమ్మ వాళ్లది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రోజు తను చేయగలిగింది ఒకటి, చేయలేకపోయింది ఒకటి, పోయేదాకా చెబుతూనే ఉండేది. నీళ్లు వాకిట్లోకి రాగానే చావిట్లోకి పరిగెత్తి రెండు గేదెల పలుపులు విప్పిందట. పాక చివర కట్టేసిన పెయ్య దగ్గరికి చేరేలోపు నీళ్లు నడుము దాటాయి. విప్పిన గేదెల్లో ఒకటి మూడోనాడు పక్క ఊరి గట్టు మీద కనిపించింది. పెయ్య మాత్రం గుంజ దగ్గరే దొరికింది. "ఈదగలిగేదేనే తల్లీ, నేను కట్టేశాను కదా" అనేది. వరదను ఆవిడ ఎప్పుడూ తిట్టలేదు. ఆ ముడి గురించే బాధపడేది.

ఆ మాట నాకు 2022 ఏప్రిల్‌లో బొరోడ్యాంకా వార్త చదివినప్పుడు మళ్లీ వినిపించింది. ఉక్రెయిన్‌లో కీవ్‌కు వాయవ్యంగా ఉన్న చిన్న పట్టణం అది. అక్కడి కుక్కల ఆశ్రయంలో, పోరు సాగిన నెలకు పైగా, తాళం వేసిన గదుల్లో వందల కుక్కలు తిండీ నీళ్లూ లేకుండా ఉండిపోయాయి. రష్యా సైన్యం వెనక్కి వెళ్లాక తలుపులు తెరిస్తే వందలాదిగా చచ్చిపడి ఉన్నాయి. బాంబు పడి పోయినవి కావు. తలుపు తీసేవాళ్లు లేక పోయాయి. అదే యుద్ధంలో ఖార్కివ్ శివార్లలోని ఫెల్డ్‌మన్ ఎకోపార్క్ జంతువుల్ని ఫిరంగి గుళ్ల మధ్యే బయటికి తరలించారు. ఆ పనిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో సాయం చేయడానికి వచ్చిన పదిహేనేళ్ల కుర్రాడు కూడా ఉన్నాడు.

యుద్ధం మొదలైన ఫిబ్రవరి 24 తర్వాత వార్సాలోని మా తెలుగు కుటుంబాలు చేసింది మొదట మన పిల్లల కోసమే. పులిహోర, పెరుగన్నం గిన్నెలకెత్తుకుని మూడొందల కిలోమీటర్లు కార్లలో సరిహద్దు వైపున్న జెషుఫ్ వెళ్లాం. మెడికా దగ్గర సరిహద్దు దాటి నడిచొచ్చిన వైద్య విద్యార్థులకు కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఒకమ్మాయి కోటు జిప్పు సగం తీసి "ఆంటీ, దీనికి కూడా కొంచెం పెరుగన్నం" అంది. లోపల కుక్కపిల్ల. తన బట్టల సంచి దారిలో వదిలేసిందట, దాన్ని వదల్లేదట.

అలాంటి పిల్లలు ఇంకొందరు ఉన్నారు. కేరళ విద్యార్థిని ఒకరు తన హస్కీ కుక్కతో ఇల్లు చేరింది. డెహ్రాడూన్ కుర్రాడు ఒకడు కుక్క లేకుండా రానని పట్టుబట్టాడు. మామూలు రోజుల్లో విదేశం నుంచి పెంపుడు జంతువును మన దేశం తేవాలంటే ముందే నిరభ్యంతర పత్రం కావాలి. ఉక్రెయిన్ నుంచి వస్తున్న వాళ్లకు ఆ ఒక్కసారికీ ప్రభుత్వం సడలింపు ఇచ్చింది. యూరప్ కూడా అలాగే చేసింది. ఉక్రెయిన్ నుంచి కుక్కనో పిల్లినో తేవాలంటే మామూలుగా చిప్ ఉండాలి, రేబిస్ టీకా వేయించాలి, నెల ఆగి రక్తపరీక్ష చేయించాలి, ఆపైన మూడు నెలలు వేచి ఉండాలి. బాంబులు పడుతున్న ఊళ్లో మూడు నెలలు ఎవరు ఆగగలరు? ముందు లోపలికి రానివ్వండి, టీకాలూ పరీక్షలూ ఇక్కడ చేయిద్దాం అన్నారు. నియమాన్ని కొట్టిపారేయలేదు, గడపకు ఇవతలికి జరిపారు. నియమం అనవసరమని నేననను. పిచ్చికుక్క కాటు అంటే ఏమిటో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2021లో అజర్‌బైజాన్ నుంచి అమెరికాకు దత్తతకని తెచ్చిన కుక్కల్లో ఒకదానికి రేబిస్ బయటపడింది. దయకు కూడా టీకా చీటీ కావాలి.

తణుకు నుంచి వెళ్లి దొన్బాస్‌లో స్థిరపడిన డాక్టరు గారి సంగతి మనవాళ్లందరికీ తెలుసు. ఒక జాగ్వార్‌నీ ఒక నల్ల చిరుతనీ పెంచుకున్నాడు, వాటిని వదిలి రానని నేలమాళిగలో ఉండిపోయాడు. చివరికి సంపాదన కోసం పోలండ్ రాక తప్పలేదు, వాటిని ఒక రైతుకు అప్పగించి వచ్చాడు. అడవి మృగాన్ని ఇంట్లో పెంచడం నాకు నచ్చదు, ఆ మాట దాచను. కానీ పెంచుకున్నాక, కట్టేసినవాడే విప్పాలని ఆయన నమ్మాడు. ఆ నమ్మకానికి దణ్ణం పెడతాను.

మనుషులు చస్తుంటే పిల్లులేంటమ్మా అని మా తెలుగు సంఘం సమావేశంలోనే ఒకాయన నన్ను అడిగారు. తప్పు ప్రశ్న కాదు. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి బ్రిటన్‌కు ఒక ఆశ్రయంలోని కుక్కల్నీ పిల్లుల్నీ విమానంలో తరలించినప్పుడు ఆ దేశమంతా ఇదే అడిగింది. అక్కడ పనిచేసే అఫ్గాన్ సిబ్బంది అప్పటికి వెనకే ఉండిపోయారు. విమానాశ్రయం గేటు దగ్గర మనిషికీ జంతువుకూ మధ్య పోటీ వస్తే మనిషే ముందు. అందులో నాకు సందేహం లేదు. అయితే ఎక్కువసార్లు ఆ పోటీయే ఉండదు. సరిహద్దు ఊరు ప్షెమిష్ల్ స్టేషన్లో నేను చూసిన పిల్లులన్నీ ఒళ్లోనే ఉన్నాయి, ఎవరి సీటూ తీసుకోలేదు. పైగా, 2005లో కత్రీనా తుఫాను వచ్చినప్పుడు కుక్కను రానివ్వరని ఇల్లు కదలనివాళ్లు ఎంతోమంది. అందుకే మరుసటేడు అమెరికా చట్టం చేసింది, జనాన్ని తరలించే ప్రణాళికలో వాళ్ల పెంపుడు జంతువులూ ఉండాలని. ఒక ముసలావిడ బయటికి రావాలంటే ఆవిడ పిల్లికీ దారి ఉండాలి.

ముసలావిడ అన్నది ఊరికే కాదు. 2022 మే నెలలో ఒక జంతు సంరక్షణ కార్యకర్త ఫోన్ చేసి, మూడు వారాలకు 'దోమ్ తిమ్చసోవి' అవుతారా అని అడిగింది. పోలిష్‌లో తాత్కాలిక ఇల్లు అని. చెర్నీహివ్‌లో మంచం పట్టిన భర్తను వదిలి రాలేని ఒక ముసలావిడ, తన పిల్లిని మాత్రం పంపించేసింది. బుట్టకు ప్లాస్టరుతో అంటించిన కాగితాన్ని మా ఆఫీసులోని ఉక్రెయిన్ అమ్మాయి చదివి పెట్టింది: పేరు మూర్చిక్. ఏడేళ్లు. తలుపు గట్టిగా వేయకండి. రాత్రి ఒక దీపం ఉంచండి. ఎడమ చెవి ముట్టుకోనివ్వడు. నంబరు కింద ఉంది, ఎత్తకపోతే మళ్లీ చేయండి, ఇక్కడ కరెంటు ఉండదు.

మూర్చిక్ పదకొండు రోజులు వాషింగ్ మెషిన్ వెనక నుంచి బయటికి రాలేదు. పొద్దున లేచేసరికి గిన్నె ఖాళీ అయి ఉండేది, అదే మాకు గుర్తు, బతికే ఉన్నాడని. టీకా వేయించాం, చిప్ పెట్టించాం. మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చిన కొత్తలో పిల్లి ఎదురొస్తుందేమోనని చూసుకుని గడప దాటేది. నెల తిరక్కముందే సాయంత్రం పూజ దీపం కొండెక్కకుండా రాత్రంతా నూనె పోయడం మొదలుపెట్టింది, కాగితంలో రాశారుగా అని. డిసెంబరు 31 రాత్రి ఊరంతా బాణసంచా కాలుస్తుంటే మూర్చిక్ చెప్పుల అరలో దూరి వణికిపోయాడు. మా అమ్మాయి దుప్పటి తెచ్చుకుని తెల్లారేదాకా ఆ అర పక్కనే పడుకుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. పేరు మార్చనివ్వలేదు. మా పిల్లి అననివ్వలేదు. ప్రతి ఆదివారం ఆ నంబరుకు చేసేవాళ్లం. లైను కలిసినప్పుడు వీడియోలో ఆవిడ పిలిస్తే మూర్చిక్ ఫోన్ వెనక్కి వెళ్లి వెతికేవాడు. దత్తత తీసుకుందాం అనుకునే మనవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: ముందు అడగండి, దీనికి ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని. ఎవరూ లేరని తేలాకే మీ ఇంటిపేరు పెట్టుకోండి.

మూడు వారాలన్నది పద్నాలుగు నెలలైంది. భర్త పోయాక ఆవిడ పోలండ్‌లోనే వూచ్ నగరంలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చింది. రైల్లో బుట్ట ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. ఆవిడ కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది. మూత తీశాక మూర్చిక్ చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా నడిచి వెళ్లి, ఎడమ చెవి ఆవిడ అరచేతికి ఆనించాడు.

ఆ కాగితాన్ని బుట్టకే అంటించి తెచ్చాం. రైల్లో మా అమ్మాయి దాని కింద తెలుగులో ఒక వరుస, పోలిష్‌లో అదే వరుస రాసింది: పెరుగంటే ప్రాణం.